కబుర్ల టీచర్

జూలై 1, మంగళవారం

పెద్దమ్మ ఈ నెలాఖరుకి రిటైరవుతోంది. వంటింట్లో పుట్టిన పుకారు కాదు, ప్రిన్సిపాల్ గారే పిలిచి చెప్పారు. చిన్నపిల్లల హాస్టల్‌ని ఇన్నేళ్ళూ ఒంటిచేత్తో నడిపిన మనిషి. అందరికీ పెద్దమ్మే, ఆఖరికి ప్రిన్సిపాల్ గారికి కూడా. ఆవిడ తర్వాత వార్డెన్ ఎవరంటే ఇద్దరమే తేలాం, నేనూ లెక్కల టీచరూ. లెక్కల టీచర్‌కి పిల్లలంటే చిరాకు, వార్డెన్ ఇల్లంటే మోజు. నాకు పిల్లలూ కావాలి, ఇల్లూ కావాలి.

ఆ రెండు గదుల మీద నాకెప్పటినుంచో కన్నుంది. ఒక తలుపు తీస్తే తోట, ఇంకో తలుపు తీస్తే పిల్లలు పడుకునే హాలు. ఇక్కడ నా గదిలో బీరువా తెరవాలంటే నేను మంచమెక్కి కూర్చోవాలి. సాయంత్రం అయిందంటే పలకరించే దిక్కు లేదు. పక్కగదిలో లెక్కల టీచర్ టీవీ మోగుతుంటే అదో తోడుగా ఉండేది, ఆవిడ కూడా ఈ మధ్య టీవీ పెట్టడం మానేసింది. నాకు ఆ హాలు కావాలి, ఆ గోల కావాలి. నా డైరీలో నేను రాసుకుంటే తప్పేముంది.

వార్డెన్‌కి ముందుగా ఉండాల్సింది చెవులు అంటుంది పెద్దమ్మ. గోడ అవతల ఏ పిల్ల ముక్కు ఎగబీల్చినా లేచి కూర్చోవాలట. ఆ లెక్కన నాకు పోటీయే లేదు. ఈ బడిలో చీమ చిటుక్కుమన్నా నాకు తెలుస్తుంది. లేకపోతే శనివారం కబుర్లు ఇన్నాళ్ళూ నాకే ఎందుకు వదిలేస్తారు? పిల్లలు నన్ను జాగ్రఫీ టీచర్ అనరు, కబుర్ల టీచర్ అంటారు.

జూలై 2, బుధవారం

ఆరో తరగతి వాళ్ళు ఈ ఏడాది మరీ నోట్లో నోట్లో గొణుగుతున్నారు. పైగా ఆ ఫ్యాన్ల రొద. ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాను. నిచ్చెనెక్కి రెక్కలన్నీ తిప్పి చూసి, కిందికి దిగి నా ఎదురుగా నిలబడి, "ఫ్యాన్లు బానే ఉన్నాయి మేడమ్. చప్పుడేం రావట్లేదే" అన్నాడు. పని రానివాళ్ళు అనే మాటే అది. వచ్చే వారం ఇంకొకణ్ణి పిలిపించాలి.

జూలై 4, శుక్రవారం

వరండాలో పిచ్చుక ఎదురొచ్చింది. ఆరో తరగతిలో అందరికన్నా చిన్న మనిషి, అంతకన్నా చిన్న గొంతు. ఆ పేరు ఎవరు తగిలించారో గానీ సరిగ్గా అతికింది. పైన రేకుల మీద వాన దంచేస్తోంది. తలొంచుకుని ఏదో చెప్పింది. చాలాసేపు చెప్పింది, కాస్త పెద్ద కబురే అయుండాలి. ఆ వానలో ఎవరికి మాత్రం వినపడుతుంది? పిల్లని చిన్నబుచ్చడం ఎందుకని నవ్వి, "చాలా సంతోషమమ్మా, శనివారం చెబుదాం" అన్నాను. తలెత్తి నావైపు వింతగా చూసి వెళ్ళిపోయింది. సాయంత్రం పిలిచి మళ్ళీ అడగాలి.

జూలై 5, శనివారం

అడగడం మర్చిపోయాను. పిచ్చుక కబురు లేకుండానే కానిచ్చేశాను. మిగతావి బాగా నడిచాయి. స్టాఫ్ కబుర్లలో డ్రాయింగ్ మాస్టారికి మనవరాలు పుట్టింది, గట్టిగా తట్టారు. వంటావిడ మోకాలు మళ్ళీ తిరగబెట్టింది, గ్లాసులు బోర్లించారు. పిల్లల కబుర్లలో ఒకతికి కళ్ళజోడు వచ్చింది. తట్టాలా బోర్లించాలా అని అందరూ దాని మొహం చూశారు. అది నవ్వింది కాబట్టి తట్టారు.

మంచి కబురైతే గ్లాసుతో బల్ల మీద ఒక్కసారి తట్టాలి, చెడ్డదైతే గ్లాసు బోర్లించాలి. ఈ ఆనవాయితీ ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. భోజనాలయ్యాక ఆ కాసేపూ లేకపోతే మాత్రం శనివారం వచ్చినట్టే ఉండదు. వారమంతా పిల్లలూ స్టాఫూ తమ కబుర్లు తెచ్చి నాకు అప్పజెబుతారు. నేను ఒక్క ముక్క రాసుకోకుండా బుర్రలో పెట్టుకుని అక్కడ అప్పజెబుతాను. నా గొప్పంతా అదే.

ఇవాళ ఒక విచిత్రం చూశాను. నేను లేచి నిలబడ్డప్పటినుంచీ పిచ్చుక గ్లాసుని రెండు చేతులతో బిగించి పట్టుకుని, బల్ల వైపే చూస్తూ కూర్చుంది. నేను ముగించి కూర్చున్నాక గానీ వదల్లేదు. బయటికొస్తుంటే ఆపి, "ఏమ్మా, మొన్న ఏదో చెప్పావు?" అన్నాను. "ఏం లేదు టీచర్" అంది. అది కూడా పెదాలు చూసి పోల్చుకున్నాను. ఏం గొంతో ఏమో.

జూలై 6, ఆదివారం

అక్క ఫోన్ చేసింది. కొత్త ఫోను కూడా పాతదాని లాగే ఏడ్చింది. "అరవకే, అరిస్తే ఇంకా అర్థం కాదు" అన్నాను. "అరుస్తున్నది నువ్వే" అంది. తర్వాత నాన్న ఊసెత్తింది, నాన్నకి సరిగ్గా నీ వయసులోనే మొదలైందే అని. వార్డెన్ ఉద్యోగం సంగతి ఎత్తి మాట మార్చేశాను.

నాన్న ఎవరేమన్నా నవ్వి తలూపేవాడు. కూర మాడిందన్నా నవ్వేవాడు. పెదనాన్న పోయాడని చెబితే కూడా నవ్వాడు. పాపం నాన్న.

జూలై 8, మంగళవారం

ఆరో తరగతిలో ఏదో జరుగుతోంది. ఇవాళ వెళ్ళేసరికి నా కుడివైపు బల్లలన్నీ ఖాళీ. ముగ్గురు పట్టే బల్లకి ఐదుగురు చొప్పున అందరూ ఎడమవైపు ఇరుక్కుని కూర్చున్నారు. ఎవరు మారమన్నారంటే, "అటు ఎండ పడుతోంది టీచర్" అంది ముందు బల్ల పిల్ల. సూర్యుడు మొహం చూపించి వారమైంది.

ఇంకొకటి. జవాబు చెప్పాల్సిన పిల్ల ఉన్నచోట నిలబడి చెప్పడం లేదు. బల్లల మధ్యనుంచి నడిచొచ్చి, నా ఎదురుగా ఆగి, మొహం పైకెత్తి చెబుతోంది. ఒకరు కాదు, అందరూ. ఇదేదో నాకు తెలియని ఆట. ఈ బడిలో నాకు తెలియని ఆట ఎలా ఉంటుంది?

జూలై 10, గురువారం

సాయంత్రం నడకకి తీసుకెళ్తే ఆరో తరగతి మొత్తం నా ఎడమ పక్కనే. కుడి పక్క ఈగ కూడా లేదు. దారి ఇరుకైన చోట ఒకతి మురుక్కాలవలో పడబోయి, పక్కదాని జడ పట్టుకుని నిలదొక్కుకుంది. అయినా ఇటు రాదే.

పిల్లలు జట్టు కట్టి చేసే పనులు రెండే రకాలు. ఒకటి ఏడిపించడం, రెండు దాచడం. ఇది ఏ రకమో తేలేదాకా నాకు నిద్ర పట్టదు. అంటే పడుతుంది, ఈ మధ్య మొద్దులా పడుకుంటున్నాను. మాటవరసకి రాశాను.

జూలై 11, శుక్రవారం

వాళ్ళకో పరీక్ష పెట్టాను. పొద్దున్నే వెళ్ళి నా కుర్చీ, బల్ల, బోర్డూ గదికి రెండో కొసకి మార్పించాను. ఇప్పుడు ఇరుక్కు కూర్చున్న వాళ్ళంతా నా కుడివైపు వస్తారు. చూద్దాం ఏం చేస్తారో అని ఏమీ ఎరగనట్టు నదుల పాఠం మొదలెట్టాను.

ఏం చేశారంటే, "నీళ్ళు తాగొస్తాను టీచర్" అని ఒకతి లేచింది. తిరిగొచ్చి ఎడమవైపు బల్లలో కూర్చుంది. తర్వాత ఇంకొకతి. ఒకతికి పెన్సిల్ చెక్కుకోవాలి, ఒకతికి తుమ్మొచ్చింది. నేను సముద్రం దాకా చేరేసరికి క్లాసు క్లాసంతా అటునుంచి ఇటు మారిపోయి, బుద్ధిగా నా ఎడమవైపు కూర్చుని ఉంది. నాకు నవ్వాగలేదు. ఆ తెలివిలో సగం నదుల మీద పెడితే బాగుండును.

స్టాఫ్‌రూంలో డ్రాయింగ్ మాస్టార్ని అడిగాను, మీ క్లాసులో కూడా ఇలాగే చేస్తున్నారా అని. ఏదో అన్నారు. ఆ మీసం పెంచాక ఆయన మాట ఒక్కటీ బయటికి రావడం లేదు. నవ్వి ఊరుకున్నాను.

జూలై 12, శనివారం

ఈ వారం పిల్లల కబుర్లు మోయలేనన్ని వచ్చాయి. భోజనానికి ముందే వరస కట్టి, నా ఎదురుగా ఒక్కొక్కరే నిలబడి, మాట మాట నమిలి నమిలి చెప్పారు. పన్ను ఊడినది నోరు తెరిచి చూపించింది. జ్వరం తగ్గినది నా చెయ్యి తీసి తన నుదుటి మీద పెట్టుకుంది. ఒక్కటి కూడా తప్పు పోకుండా అప్పజెప్పాను. ఈమధ్య కాలంలో ఇంత బాగా జరిగిన శనివారం లేదు.

వరస చివర నిలబడి అందరినీ ముందుకి తోస్తున్నది పిచ్చుక. తను మాత్రం ఏ కబురూ చెప్పలేదు. నేను చూస్తే చూపు తిప్పుకుంటుంది. దానికి నా మీద ఏదో కోపం. ఏం చేశానని?

జూలై 14, సోమవారం

పెద్దమ్మ కొత్తిల్లు సర్దుకోవడానికి వారం సెలవు పెట్టింది. ఆ వారం హాస్టల్ చూసుకోమని ప్రిన్సిపాల్ గారు నాకు చెప్పారు. "ట్రయల్ అనుకోండి. వారం సజావుగా గడిస్తే ఇంక వేరే ఆలోచన అక్కర్లేదు" అన్నారు. ఆ గదిలోనే ఉన్న లెక్కల టీచర్ కిటికీలోంచి తోటని చూస్తూ కూర్చుంది. కాస్త జాలేసింది, కాస్తే.

తాళాలిస్తూ పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. "రాత్రికి ఒకళ్ళైనా ఏడుస్తారమ్మా. ఇంటి మీద బెంగో, పాడు కలో. లేచి వెళ్ళి పక్కన కూర్చుంటే చాలు, వాళ్ళే పడుకుంటారు" అంది. ఆ మాత్రం నాకు తెలియదా?

జూలై 16, బుధవారం

ఒక్క పిల్ల ఏడవలేదు. పెద్దమ్మ ఊరికే భయపెట్టింది. నేను రాత్రి దీపం ఆర్పడమే తెలుసు, కళ్ళు తెరిస్తే తెల్లారిపోతోంది. పిల్లలకి కూడా దగ్గరున్న మనిషిని బట్టే నిద్ర పడుతుంది కాబోలు. పొద్దున్న తలుపు తీయగానే హాలంతా ఒకటే గోల, ఒక జడ వేస్తే ఇంకో రిబ్బను తప్పిపోతుంది. ఇంత సంతోషంగా నేను ఎప్పుడున్నానో నాకే గుర్తు లేదు. రాత్రిపూట తలుపు గడియ పెట్టుకోవడం మాత్రం మానలేకపోతున్నాను. ఒంటరిగా ఉన్న అలవాటు.

జూలై 17, గురువారం

ఆరో తరగతిలో నలుగురు క్లాసులోనే నిద్రపోయారు. పర్వతాల పాఠం అంత ఘోరంగా ఉందా?

జూలై 18, శుక్రవారం

ఇవాళ పడుకున్నది వేరే నలుగురు. నిన్నటివాళ్ళు కళ్ళింతలు చేసుకుని మేలుకునే ఉన్నారు. డ్రాయింగ్ మాస్టారు నేను అడక్కుండానే ఒక కాగితం మీద బొమ్మ వేసి చూపించారు. తన క్లాసులో బల్ల మీద తల పెట్టి నిద్రపోతున్న పిల్ల, చెంపకంతా రంగు. కింద ప్రశ్నార్థకం. నాకూ అదే ప్రశ్న. వంతులేసుకుని నిద్రపోవడమేమిటి?

రాత్రిళ్ళు కూర్చుని దయ్యాల కథలు చెప్పుకుంటున్నారని నా అనుమానం. పట్టుకుందామని నిన్న కావాలనే మేలుకుని ఉన్నాను. ఎంతసేపు విన్నా ఒక్క గుసగుస లేదు. అలాగే నిద్ర పట్టేసింది.

జూలై 19, శనివారం

కబుర్ల మధ్యలో ప్రిన్సిపాల్ గారు లేచి, వారం నుంచీ హాస్టల్లో ఒక్క ఫిర్యాదు కూడా రాలేదని అందరి ముందూ చెప్పారు. గ్లాసులు మోగించేశారు. ఆరో తరగతి బల్ల దగ్గర ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. పిచ్చుక నవ్వలేదు. బాగా చిక్కిపోయింది, కళ్ళ కింద నల్లగా ఉంది. ఆ పిల్లకి ఏమైందో కనుక్కోవాలి. ముందు ఈ వారం గడవనీ.

జూలై 20, ఆదివారం

అక్క ఫోన్ చేసింది. ఎత్తలేదు.

జూలై 21, సోమవారం

పొద్దున్న గడియ తీసి తలుపు లాగగానే పిచ్చుక నా కాళ్ళ మీద పడింది. దుప్పటి కప్పుకుని తలుపుకి ఆనుకుని కూర్చుని, అలాగే నిద్రపోయినట్టుంది. హాల్లో కిటికీ పక్క మంచం మీద రెండో తరగతి పిల్ల, నుదుటి మీద తడిగుడ్డ. మంచానికి అటొకతి, ఇటొకతి, కాళ్ళ దగ్గర ఒకతి, ఆరో తరగతి వాళ్ళు నేల మీద కూర్చుని, మంచం పట్టీకి తల ఆనించి నిద్రపోతున్నారు. బేసిన్‌లో నీళ్ళు. పిల్ల నుదురు ముట్టుకుంటే చల్లగా, చెమటగా ఉంది. వెంటనే నర్సమ్మని పిలిపించాను. జ్వరం దిగిపోయిందని, రాత్రి మాత్రం బాగా కాసి ఉంటుందని చెప్పి, మందిచ్చి వెళ్ళింది.

పిచ్చుకని నా గదిలోకి తీసుకెళ్ళాను. "నన్నెందుకు లేపలేదు?" అన్నాను. కోపంగానే అన్నాను.

అది నా ఎదురుగా వచ్చి నిలబడి మొహం పైకెత్తింది. "లేపాం టీచర్."

"ఎక్కడ లేపారు?"

"తలుపు కొట్టాం. చేతులు నెప్పెట్టాక చెంబుతో కొట్టాం."

లేచి తలుపు చూశాను. ఆకుపచ్చ పెయింట్ మీద చెంబు అడుగు గుర్తులు, ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని మీద ఒకటి. నేను ఆ తలుపుకి నాలుగడుగుల దూరంలో పడుకుని ఉన్నాను.

"మరి నర్సమ్మ దగ్గరికి పరిగెత్తాల్సింది."

"వెళ్తే మీకు హాస్టల్ ఇవ్వరు కదా టీచర్. లెక్కల టీచర్ వస్తారు."

తర్వాత నేను అడిగినదానికల్లా అది నిదానంగా చెప్పుకుంటూ పోయింది. రోజుకి నలుగురు చొప్పున మేలుకుంటున్నారట. ఎవరైనా ఏడిస్తే వెళ్ళి పక్కన కూర్చుంటున్నారట, పెద్దమ్మ లాగే. రోజూ ఎవరో ఒకరు ఏడ్చారట. ఎడమవైపు కూర్చోవడం, ఎదురుగా వచ్చి చెప్పడం, నడకలో ఒకే పక్క నడవడం, అన్నీ అందులో భాగమే. ఇదంతా ఎవరు మొదలెట్టారంటే దుప్పటి కొస వేలికి చుట్టుకుంది. తర్వాత, "నేనే" అంది.

"నీకెలా తెలిసింది?" అన్నాను. ఏది తెలిసిందో నా నోటితో అనలేకపోయాను.

"ఆ రోజు వరండాలో మీకు చెప్పాను కదా, మా అమ్మకి ఆపరేషనని. నాన్న ఎవరికీ చెప్పొద్దన్నాడు. మీకొక్కరికే చెప్పాను, శనివారం చెప్పకండి టీచర్ అని కూడా అన్నాను. మీరు నవ్వి, చాలా సంతోషం, శనివారం చెబుదాం అన్నారు."

ఆ శనివారం గ్లాసుని అంత గట్టిగా ఎందుకు పట్టుకుని కూర్చుందో అప్పుడర్థమైంది. "కోపం రాలేదా?" అన్నాను.

"వచ్చింది. రాత్రి పడుకుని ఆలోచించాను. మీరు అలా అనే మనిషి కాదు కదా. అంటే మీకు వినపడలేదన్నమాట."

నాకు ఏడుపొచ్చింది. దాని ముందే ఏడ్చాను. అది నా చెవుల్ని అనుమానించింది గానీ నన్ను అనుమానించలేదు. నేను మాత్రం ఇన్నాళ్ళూ ఫ్యాన్లని, ఫోన్‌ని, వానని, డ్రాయింగ్ మాస్టారి మీసాన్ని, పిల్లల గొంతుల్ని, అందరినీ అనుమానిస్తూ వచ్చాను.

అమ్మకి ఎలా ఉందని అడిగాను. "తెలీదు. నిన్న నాన్న ఫోన్ చెయ్యలేదు" అంది.

జూలై 22, మంగళవారం

పొద్దున్నే పిచ్చుకని ఆఫీసుకి తీసుకెళ్ళి వాళ్ళ నాన్నతో ఫోన్లో మాట్లాడించాను. ఆపరేషన్ అయింది, ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నారట. ఆ మాట అది నాకు రెండుసార్లు చెప్పాల్సొచ్చింది.

రాత్రి పెద్దమ్మ తిరిగొచ్చింది. నేను మళ్ళీ నా గదికి వచ్చేశాను. జ్వరం సంగతి పెద్దమ్మకి చెప్పాను, తలుపు సంగతి చెప్పలేదు. ప్రిన్సిపాల్ గారికి అదీ చెప్పలేదు, ఇదీ చెప్పలేదు. తలుపు సంగతి వాళ్ళకి తెలిసే దారి కూడా లేదు, పిల్లలు ప్రాణం పోయినా చెప్పరు. ఇకనుంచి గడియ పెట్టుకోకుండా పడుకుంటే? ఒక పెద్దపిల్ల మంచం నా గదిలో వేయిస్తే, అదే లేపుతుంది. చెవి మెషీన్ కొనుక్కుని జుట్టుతో కప్పేసుకుంటే? ఏడాది గడిస్తే ఎవరూ అడగరు. ఇలా ఎన్ని రకాలుగా ఆలోచించినా చివరికి ఆ తలుపు దగ్గరే ఆగిపోతున్నాను. ఈసారి కాబట్టి జ్వరం దిగింది.

జూలై 23, బుధవారం

చెప్పేశాను.

ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఎప్పటినుంచి?" అన్నారు.

"తెలీదండి. ఫ్యాన్లు చప్పుడు చెయ్యడం మొదలెట్టినప్పటినుంచి అనుకుంటాను."

ఆవిడకి నవ్వొచ్చింది, ఆపుకున్నారు. తర్వాత గొంతు పెంచకుండా, నా మొహంలోకి చూస్తూ, విడివిడిగా అన్నారు. "హాస్టల్ మీకివ్వలేను."

"అది చెప్పడానికే వచ్చానండి. పిల్లల్ని మాత్రం ఏమీ అనకండి."

"అనను. కానీ ఇంకోసారి అలా మేలుకుంటే ఊరుకోనని మీరే చెప్పండి. మీ మాటే వింటారు."

శనివారం కబుర్లు కూడా ఇంకెవరికైనా ఇచ్చేయమన్నాను. "అది నేనిచ్చింది కాదు, నేను తీసుకునేది కాదు" అన్నారు.

బయటికొచ్చి తోటలో కాసేపు కూర్చున్నాను. ఎదురుగా ఆ ఇల్లు. నాకు బాధగా ఉంది, చాలా బాధగా ఉంది. మంచిపని చేశానని సరిపెట్టుకుందామన్నా కుదరడం లేదు. నాకు ఆ హాలు కావాలి.

జూలై 25, శుక్రవారం

చెవుల డాక్టర్ దగ్గరికి వెళ్ళొచ్చాను. కుడిది దాదాపు పోయింది, ఎడమది సగం. పిల్లలు ఎడమవైపు చేరింది ఊరికే కాదు, డాక్టర్ గంటసేపు తిప్పలు పడి తేల్చింది వాళ్ళు వరండాలో నన్ను రెండు పక్కలనుంచీ పిలిచి చూసి తేల్చేశారు. మెషీన్ రావడానికి కొన్నాళ్ళు పడుతుందట.

అక్కకి మెసేజ్ పెట్టాను. వెంటనే జవాబిచ్చింది. "నాన్న కూడా ఒప్పుకుని ఉంటే మనం ఆయనతో ఇంకా ఎన్ని మాటలు మాట్లాడుకునేవాళ్ళమో." తర్వాత ఇంకొకటి. "ఇక నా చెవి పగిలేలా అరవడం మానెయ్యి."

జూలై 26, శనివారం

స్టాఫ్ కబుర్లలో చివరిది నాది పెట్టుకున్నాను. మొదటిది, చిన్నపిల్లల హాస్టల్‌కి కొత్త వార్డెన్ లెక్కల టీచర్ గారు. తట్టారు, తట్టాలి కాబట్టి తట్టారు. ఆరో తరగతి బల్ల మీద ఒక్క గ్లాసూ కదల్లేదు. నేను వాళ్ళ వైపు చూస్తూ ఆగాను. అప్పుడు తట్టారు.

తర్వాత నాది చెప్పాను. "కబుర్ల టీచర్‌కి చెవులు సరిగ్గా వినపడవు. మెషీన్ వస్తుంది. అప్పటిదాకా కబురు చెప్పేవాళ్ళు ఎదురుగా నిలబడి చెప్పాలి. నేను నవ్వి తలూపానంటే వినపడలేదని అర్థం, మళ్ళీ చెప్పాలి." మామూలు కబురు చెప్పినట్టే చెప్పాను.

తట్టాలా బోర్లించాలా అని హాలంతా నా మొహం చూసింది. ఏ మొహం పెట్టాలో నాకూ తెలియలేదు. ఇంతలో రెండో తరగతి పిల్ల, ఆ జ్వరం పిల్లే, గ్లాసు బోర్లించింది. దాన్ని చూసి పక్కది, దాన్ని చూసి అందరూ. నీళ్ళు తాగకముందే కబుర్లు మొదలెట్టడం నాది తప్పు. గ్లాసుల్లో నీళ్ళన్నీ బల్లల మీద వరదయి ఒళ్ళోకి కారాయి. కొత్త వార్డెన్ గారి చీర సగం తడిసింది. నేను ఎక్కడ నవ్వడం మొదలెట్టానో తెలియదు, ఆవిడ కూడా నవ్వేసింది. పిల్లలంటే చిరాకు అని రాశాను గానీ, కొంగు పిండుకుంటూ పక్కదాని గౌను కూడా పిండింది.

జూలై 31, గురువారం

పెద్దమ్మ వెళ్ళిపోయింది. లెక్కల టీచర్ సామాను మోయడానికి నేనూ ఓ చెయ్యి వేశాను. టీవీ పట్టుకెళ్తుంటే, "ఇది పెట్టడం మానేశారుగా, ఎందుకింక?" అన్నాను.

ఆవిడ ఆగి, నా ముందుకొచ్చింది. "మానలేదండీ, రోజూ పెడుతూనే ఉన్నాను. మీరు గోడ కొడతారేమోనని భయపడుతూ చూసేదాన్ని."

వెళ్ళేముందు ఆవిడకి ఒకటే చెప్పాను, ఆ హాల్లోకి ఉన్న తలుపుకి గడియ పెట్టుకోవద్దని. ఆవిడ తలుపు మీద గుర్తులు వేలితో తడిమి చూసింది. పెయింట్ వేయించమంటారా అని అడిగింది. వద్దన్నాను.

ఆగస్టు 1, శుక్రవారం

సాయంత్రం పుస్తకాలు దిద్దుకుంటుంటే గుమ్మంలో నీడ కదిలింది. పిచ్చుక. పరిగెత్తుకొచ్చినట్టుంది, రొప్పుతోంది. లోపలికొచ్చి, కుర్చీ చుట్టూ తిరిగి నా ఎదురుగా నిలబడి ఏదో చెప్పింది. ఆ రొప్పుకి నాకేమీ అందలేదు. నవ్వబోయి, ఆపుకుని, "వినపడలేదమ్మా, మళ్ళీ చెప్పు" అన్నాను. ఆ మాట అనడం నేను అనుకున్నంత కష్టంగా లేదు.

ఊపిరి తీసుకుని మళ్ళీ చెప్పింది. "అమ్మ ఇంటికొచ్చేసింది టీచర్. నాతో ఫోన్లో మాట్లాడింది. నా గొంతు విని నవ్వింది."

"శనివారం చెబుదామా?"

తల అడ్డంగా ఊపింది. "ఇది మీకే."

ఆ పిల్ల మొహం అలా వెలగడం ఈ నెలంతా నేను చూడలేదు. రెండోసారికే ప్రతి మాటా వినపడింది. అయినా ఇంకోసారి చెప్పమన్నాను.